మంద్రం సర్కారుది, తారం అబూ నఖ్లేది

మల్హమ్ భార్య గొంతును ఆమె వదిన కాజేసింది. ఇది ఆరోపణ కాదు. ఆరోపణ అయితే ఎదుటివారు జవాబు చెప్పుకోవడానికి వీలుంటుంది. ఇది జరిగిపోయిన సంగతి. క్వారీలో రాయి ఎంత నిజమో అంత నిజం. మల్హమ్ ఈ సంగతిని ఐన్ ఖర్నూబ్ ఊళ్లో చర్చి మెట్ల మీద చెప్పాడు, మంగలి కొట్లో చెప్పాడు, రొట్టెల బట్టీ దగ్గర చెప్పాడు. చివరికి భార్య శవపేటిక పక్కన నిలబడి, ఓదార్చడానికి వచ్చినవారి చేతులు వదలకుండా పట్టుకుని మరీ చెప్పాడు. ఊరు ఓపిగ్గా విన్నది. విని, బాగా ఆలోచించి, ఆ వదినగారికి సన్మానం చేయాలని తీర్మానించింది.

గొంతును ఎలా కాజేస్తారని తెలియనివారు అడగవచ్చు. లెబనాను కొండల్లో పెళ్లంటే పెళ్లికొడుకు తల్లి నలుగురిలోకి వచ్చి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ‘ఆవీహా’ అని ఎత్తుకోవాలి. నాలుగు చరణాలు పాడాలి. చివర నాలుకను గంటలా ఆడిస్తూ, ఎదుటి కొండ మీది మేకలు మేత మాని తలలెత్తేలా కేక పెట్టాలి. పెట్టలేకపోతే ఆ తల్లి పరువు అక్కడికక్కడే పోతుంది. పిల్లవాడు డాక్టరైనా, పెళ్లికూతురు చందమామైనా, ‘తల్లికి నోరు పెగల్లేదట’ అన్న ఒక్క మాట ఆ ఇంటి గుమ్మానికి మేకులా దిగబడిపోతుంది.

మల్హమ్ భార్య వదీయా ఈ విద్యలో ఆరితేరింది. ఆమె ఎత్తుకుంటే డోలు వాయించేవాడు చెయ్యి ఆపి చూసేవాడు. ఆమె అన్న ఇమిల్ భార్య జోజెట్ సంగతి వేరు. జోజెట్ పట్నంలో సన్యాసినుల బడిలో పెరిగింది. ఆమె గొంతు మందుల కొట్లో తలనొప్పి మాత్ర అడగడానికి సరిగ్గా సరిపోతుంది. అయినా ఆమె కొడుకు పెళ్లిలో ఆమె నిలబడ్డ మూల నుంచి ఒక ఆవీహా లేచింది. అది విని పెళ్లికూతురి తరఫువారు తిరుగు పాట మరిచిపోయారు. ఆ సమయానికి మల్హమ్ పెరట్లో మాంసం కాలుస్తున్నాడు. గోడ ఇవతల నుంచి విన్నాడు. ఏళ్ల తరబడి తనను తిట్టిన గొంతు తనకు తెలియదా?

ఇంటికి నడుస్తూ భార్యను అడిగాడు.

“అది నువ్వేగా?”

“నీ చెవుల్లో క్వారీ దుమ్ము పేరుకుంది. ఇంటికెళ్లి కడుక్కో” అంది వదీయా.

చచ్చేదాకా ఆమె ఆ మాట మీదే ఉంది. పుట్టింటివారు ఆమె నోరు నొక్కారని మల్హమ్ తేల్చుకున్నాడు. తేల్చుకున్న సంగతిని తిరిగి విప్పి చూసే అలవాటు అతనికి లేదు.

ఆ పెళ్లితో జోజెట్ కీర్తి మొదలైంది. ప్రతి పెళ్లికీ ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి ఒక్క ఆవీహా అని బతిమాలేవారు. ఆమె మెడ చుట్టూ పట్టు రుమాలు సవరించుకుని, “డాక్టరు వద్దన్నారండీ” అనేది. ఆమె పాడని పెళ్లిళ్ల సంఖ్య పెరిగినకొద్దీ ఆమె పేరు పెరిగింది. ఇది సహజమే. పాడని గొంతులో అపశ్రుతి పట్టుకోవడం ఎవరి తరం? పక్క ఊరివాళ్లు కూడా ఆమెను పిలిపించుకుని, ఆమె పాడకపోవడం కళ్లారా చూసి, ధన్యులై వెళ్లేవారు. చివరికి మున్సిపాలిటీ అధ్యక్షుడు గత్తాస్, మరియమాత పండుగనాడు ఆమెకు ‘కొండ గొంతు’ అనే బిరుదుతో ఇత్తడి ఫలకం ఇస్తున్నట్టు ప్రకటించాడు.

వదీయా పోయి అప్పటికి ఏడాది కావస్తోంది. ఆమె సంవత్సరీకపు పూజ పండుగకు ముందు ఆదివారం. ఆమె కుట్టుమిషను సొరుగులో, తలగుడ్డలో చుట్టిపెట్టిన ఒక క్యాసెట్టు మల్హమ్‌కు దొరికింది. ఆ పెళ్లి నాటి టేపు. దాన్ని తీసుకుని నేరుగా మున్సిపాలిటీకి వెళ్లాడు.

గత్తాస్ న్యాయమైన మనిషి. ఎవరికీ ఏమీ చేయడు కనుక అందరికీ సమానంగానే ఉంటాడు.

“చూడు మల్హమ్. ఆధారం ఉంటే చూపించు. మీ ఆవిడ పూజ అయ్యాక మేమందరం మీ ఇంటికి కాఫీకి వస్తాంగా. అక్కడ వినిపించు. గొంతు మీ ఆవిడదైతే ఫలకం మీద పేరు మార్పిస్తా. కాకపోతే పండుగ దాటాక ఈ మాట నీ నోట రాకూడదు. ఇది మున్సిపాలిటీ గౌరవానికి సంబంధించిన విషయం” అన్నాడు.

“వస్తే మీరే సిగ్గుపడతారు” అన్నాడు మల్హమ్.

మల్హమ్‌కు ఈ లోకంలో మిగిలింది రెండే. ఒకటి ఈ పట్టుదల. రెండోది పాటల సెట్టు. మనిషి ఎత్తు ఉన్న రెండు స్పీకరు పెట్టెలు, వాటికి తోడు ఒక ఆంప్లిఫయరు. అతడు పనిచేసిన క్వారీ యజమాని బాకీలవాళ్లకు చెప్పకుండా దేశం దాటుతూ వదిలేసి వెళ్లినవి. భార్య ఉన్నన్నాళ్లూ ఆ సెట్టు బాగానే పాడింది. టేపు దొరికిన వారంలోనే, సంవత్సరీకం దగ్గరపడుతోందని బావమరిది ఇమిల్ ఓదార్చడానికి వచ్చాడు. అక్కడినుంచి దానికి జబ్బు పట్టుకుంది.

ఇమిల్ కొన్నాళ్లు పారిస్‌లో ఉండి వచ్చాడు. అక్కడ ఏం చేశాడన్నది ఎవరూ అడగలేదు. పారిస్‌లో ఉన్నవాణ్ని అలా అడగడం మర్యాద కాదు. అతడు స్పీకరు పెట్టెల వెనక్కి వెళ్లి వంగి చూశాడు. చాలాసేపు లేవలేదు. లేచాక ఉపన్యాసం ఇచ్చాడు.

“బావా! ఇన్నాళ్లూ నువ్వు పాట వినలేదు. పాట శవాన్ని విన్నావు. ఈ పెట్టెలో రెండు ప్రాణాలున్నాయి. కింద పెద్దది, డోలు మోసేది. అది మంద్రం. పైన చిన్నది, గజ్జెలు మోసేది. అది తారం. నువ్వు ఒకే గాడిద మీద రెండు బస్తాలు వేశావు. నాగరికులు రెండు గాడిదల్ని కడతారు. మంద్రానికో ఆంప్లిఫయరు, తారానికో ఆంప్లిఫయరు! దుఃఖంలో ఉన్నవాడికి ఇంతకన్నా మందు లేదు.”

మర్నాడే తన ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఆంప్లిఫయరు మోసుకొచ్చాడు. పెట్టెల వెనక మంద్రాన్నీ తారాన్నీ కలుపుతూ ఉన్న ఇత్తడి రేకులను విప్పి జేబులో వేసుకున్నాడు. రెండు ఆంప్లిఫయర్లు పెట్టినప్పుడు ఆ రేకులు తీసెయ్యాల్సిందేనన్నాడు. అందులో తప్పులేదు. ఇమిల్ చేసే పనుల్లో మొదటి మెట్టు ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది.

తర్వాత కరెంటు సమస్య వచ్చింది. మల్హమ్ ఇంటికి, ఊళ్లో కరెంటు అమ్ముకునే అబూ నఖ్లే జనరేటరు నుంచి అతి చిన్న చందా లైను ఉంది. ఫ్రిజ్జు, దీపం, ఒక ఆంప్లిఫయరు. అంతకు మించి ఒక్క ఊపిరి పీల్చినా మెయిను పడిపోతుంది. రెండో ఆంప్లిఫయరు దాని మీద నిలవదు. ఇమిల్ గోడలన్నీ వెతికి, సోఫా వెనక ఒక పాత ప్లగ్గు కనిపెట్టాడు. అది నేరుగా సర్కారు మీటరుకు కట్టినది. ఆ మీటరు చూడడానికి యుద్ధం తర్వాత ఎవరూ రాలేదు.

“దొరికింది బావా!” అన్నాడు ఇమిల్. “మంద్రం ఎద్దులా తింటుంది. దాన్ని సర్కారుకి అప్పగిద్దాం, సర్కారే మేపుతుంది. తారం పిట్టలా తింటుంది. అది అబూ నఖ్లే దగ్గరుండనీ. దేని కరెంటు దానిదే. పారిస్‌లో కూడా ఇంత శుద్ధంగా ఉండదు.”

ఇక్కడ ఒక మాట చెప్పాలి. సర్కారు కరెంటు ఐన్ ఖర్నూబ్‌కు పెళ్లికి వచ్చిన దూరపు చుట్టంలా వస్తుంది. తనకు తోచినప్పుడు వచ్చి, అందరూ కూర్చోమనేలోపు వెళ్లిపోతుంది. అది రాగానే అబూ నఖ్లే జనరేటరు ఆపేస్తాడు. అది పోగానే మళ్లీ తిప్పుతాడు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సూత్రాన్ని ఆ ఊరు ఇంత నిష్ఠగా పాటిస్తోంది. తెలివైన పాఠకులు ఈపాటికే నవ్వుకుని ఉంటారు. ఐన్ ఖర్నూబ్‌లో ఎవరూ నవ్వలేదు. ఉప్పు కొట్లో పుట్టి పెరిగినవాడికి చేతికి అంటిన ఉప్పు కనిపించదు.

మల్హమ్ బ్యాటరీల టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టాడు. సర్కారు కరెంటు ఉంది. డోలు మోగింది. నేల అదిరింది. ఆవీహా ఉండవలసిన చోట దుప్పటి కప్పుకున్న ఎలుగుబంటి మూలిగింది. ఇమిల్ గంభీరంగా తల ఊపి, కుడి పెట్టెను గోడకు దగ్గరగా జరిపాడు. జరిపిన క్షణంలోనే సర్కారు కరెంటు పోయింది. అబూ నఖ్లే కరెంటు వచ్చింది. ఎలుగుబంటి మాయమైంది. గజ్జెలు గలగలలాడాయి. ఆవీహా వచ్చింది, దోమ పాడినట్టు.

“చూశావా?” అన్నాడు ఇమిల్. “తారం కుదిరింది. ఇక మంద్రం ఒక్కటే మిగిలింది.”

మర్నాడు మంద్రం కోసం పెట్టెల కింద ఆలివ్ కర్ర ముక్కలు పెట్టారు. సర్కారు కరెంటు వచ్చింది. మంద్రం ఉరిమింది. తారం పోయింది. “మంద్రం కుదిరింది” అన్నాడు ఇమిల్. “ఇక తారం.”

ఇలా ప్రతి ప్రయత్నమూ సగం జయప్రదమైంది. సగం జయం ఐన్ ఖర్నూబ్‌లో సామాన్యం కాదు. కనుక ఒక సంఘం ఏర్పడింది. అధ్యక్షుడు గత్తాస్. నిపుణుడు ఇమిల్. విద్యుత్తు తెలిసిన పెద్దమనిషిగా అబూ నఖ్లే. జోజెట్ ప్రతి సమావేశానికీ ఖర్జూరపు బిస్కట్లు తెచ్చేది. తన గొంతు అవునో కాదో తేల్చే సెట్టు బాగుపడాలని ఆమె అంత ఆప్యాయంగా బిస్కట్లు పంచడం చూసి గత్తాస్ కళ్లు చెమర్చాయి.

సంఘం తివాచీని తప్పు పట్టింది. తివాచీ తీశారు. తర్వాత దాన్నే గోడకు వేలాడదీశారు. సోఫా వరండాలోకి వెళ్లింది. మంచం వంటింట్లోకి వెళ్లింది. మల్హమ్ ఉల్లిపాయల పక్కన పడుకోవడం మొదలుపెట్టాడు. సన్న తీగలు తీసి లావు తీగలు వేశారు. లావు తీగలు తీసి అంతకన్నా లావువి వేశారు. ఎరుపు చోట నలుపు, నలుపు చోట ఎరుపు బిగించారు. గోడ మీద ఉన్న ఏలియా ప్రవక్త పటానికి అద్దం ఉంది కనుక నాదం దానికి తగిలి చెదిరిపోతోందని ఇమిల్ కనిపెట్టాడు. ప్రవక్తను గోడవైపు తిప్పారు. అప్పుడే సర్కారు కరెంటు వచ్చింది. తారం పూర్తిగా ఆగిపోయింది. ప్రవక్త అలిగాడని జోజెట్ కొవ్వొత్తి వెలిగించింది.

“లోపం సెట్టులో కాకపోవచ్చు” అన్నాడు చివరికి గత్తాస్, బిస్కట్ పొడి దులుపుకుంటూ. “మల్హమ్ చెవుల్ని కూడా పరీక్షిద్దాం.”

“ముందు నీ బుర్రని పరీక్షించు” అన్నాడు మల్హమ్.

“కోపంతో చెవి మందగిస్తుంది బావా” అన్నాడు ఇమిల్. “నిజం చెప్పు. నువ్వు పాట వినాలనుకుంటున్నావా, లేక నీకు కావలసింది వినాలనుకుంటున్నావా?”

సంఘం ఈ మాటను మెచ్చుకుని ఆ పూటకు లేచింది.

అందరూ వెళ్లాక మల్హమ్ వరండాలో ఉన్న సోఫాలో కూర్చుని, తెరిచిన తలుపులోంచి లోపలికి చూశాడు. రెండు ఆంప్లిఫయర్లకూ ముందు చిన్న చిన్న దీపాలున్నాయి. ఎడమది వెలుగుతోంది. కుడిది లేదు. కరెంటు మారింది. కుడిది వెలిగింది. ఎడమది ఆరింది. అతడు కూర్చునే ఉన్నాడు. మళ్లీ మారింది. మళ్లీ ఒకటే.

ఇన్నాళ్లూ ఆ దీపాలు అందరి కళ్ల ముందే ఉన్నాయి. రెండింట్లో ఒకటి వెలుగుతుంటే ఐన్ ఖర్నూబ్‌లో దాన్ని ఎవరూ లోపం అనుకోరు. అదృష్టం అనుకుంటారు.

మల్హమ్ ముందు ఫ్రిజ్జు పీకేసి, రెండు ఆంప్లిఫయర్లనూ చందా లైను మీదే పెట్టి చూశాడు. ఇమిల్ ఇచ్చిన ముసలి ఆంప్లిఫయరు ఒక్క గుటక వేసింది. మెయిను పడిపోయింది. అప్పుడు చెప్పులు వేసుకుని అబూ నఖ్లే షెడ్డుకు వెళ్లాడు. అబూ నఖ్లే జనరేటరు పక్కనే కుర్చీ వేసుకుని, ఆ రొదలో హాయిగా పుచ్చకాయ తింటున్నాడు.

“ఆదివారం సర్కారు కరెంటు వచ్చినప్పుడు నీ యంత్రం ఆపకు” అని అరిచాడు మల్హమ్. “ఒక్క పాట సేపు.”

“మతిపోయిందా మల్హమ్ అన్నా? ఆవిడొచ్చాక నేనెందుకు?”

“నాకు ఇద్దరూ కావాలి.”

“ఇద్దరు పెళ్లాలున్నవాడు కూడా ఇద్దర్నీ ఒకే గదిలో కూర్చోబెట్టడు. రా, పుచ్చకాయ తిను.”

“డీజిలు నేను పోయిస్తా.”

అబూ నఖ్లే గింజలు ఉమ్మేసి, కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. ఆ రొదలో ఎవరూ వినలేరని తెలిసి కూడా గొంతు తగ్గించాడు.

“డీజిలు కాదన్నా. నేనూ సర్కారూ ఒకేసారి వెలిగామనుకో. జనం ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి చూస్తారు. చూసినవాడు ఊరుకోడు, అడుగుతాడు. ఆవిడ ఇంకాసేపు ఎందుకుండదు, వీడు ఎందుకుండాలి అని అడుగుతాడు. ఒకరు ఉన్నప్పుడు ఇంకొకరు లేకుంటేనే ఇద్దరికీ విలువ. నాకూ పిల్లలున్నారు. నీ పాట కోసం దేశాన్ని తగలబెడతావా?”

మల్హమ్ అక్కణ్నుంచి ఇమిల్ ఇంటికి నడిచాడు.

“ఆ ఇత్తడి రేకులు ఇచ్చెయ్ బావా. పాతపద్ధతిలో ఒక్క ఆంప్లిఫయరుతోనే పెట్టుకుంటా.”

“వెనక్కి వెళ్తావా?” ఇమిల్ గాయపడ్డాడు. “ప్రపంచం ముందుకు పోతుంటే? అయినా అవెక్కడున్నాయి, నత్తలు రాకుండా మీ చెల్లెమ్మ జోజెట్ పూలకుండీల్లో గుచ్చేసింది. వేళ్లు పట్టుకున్నాయి. ఇప్పుడు తీస్తే మొక్కలు చస్తాయి.”

శనివారం మధ్యాహ్నం మల్హమ్ పెరట్లోకి వెళ్లి వదీయా బట్టలారేసే తీగ విప్పాడు. ముక్కలు కోశాడు. కత్తితో తుప్పు గీకాడు. పెట్టెల వెనక, రేకులు ఉండే చోట, మంద్రాన్నీ తారాన్నీ ఆ తీగతో కలిపి బిగించాడు. ఇమిల్ ఆంప్లిఫయరు ప్లగ్గు పీకేసి, దానికి కట్టిన తీగలు తప్పించాడు. మంచం వంటింట్లోనే ఉండనిచ్చాడు. ప్రవక్తను మాత్రం తిప్పి పెట్టాడు. క్యాసెట్టు వేశాడు.

డోలు వచ్చింది. గజ్జెలు వచ్చాయి. రెండూ ఒకే గదిలో, ఒకే పాటలో. అడుగుల చప్పుడు, గిన్నెల చప్పుడు, ఎవరో పిల్లవాణ్ని కసురుకోవడం. రికార్డు చేసేటప్పుడు టేపు వదీయా సంచిలోనే తిరిగినట్టుంది. ఆమె దగ్గిన చిన్న దగ్గు అతని పక్కనే వినిపించింది. పాట ఎత్తుకునే ముందు ఎప్పుడూ దగ్గేది. తర్వాత, డోలు కింద, ఇన్నాళ్లూ ఎలుగుబంటి మూలుగుగా, దోమ రొదగా విడిపోయి పడి ఉన్నది ఒక్కటై మాటలైంది.

“నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో వదినా. పెదాలు కదుపు చాలు. నీ వెనకాలే ఉన్నా, నేను అందుకుంటా.”

“ఎవరైనా కనిపెడితే, వదీయా?” అది జోజెట్, ఏడుపు గొంతుతో.

“ఎవరు కనిపెడతారు? అందరి కళ్లూ పెళ్లికూతురి మీదుంటాయి. కనిపెడితే మా ఆయనే కనిపెట్టాలి. ఆయనకి మాత్రం చచ్చినా చెప్పకు. ఒట్టెయ్. ఆయనకి తెలిసిందంటే బట్టీ దగ్గరా, మంగలి కొట్లోనూ చాటి, నీ బతుకంతా ఎండగడతాడు. మనసు మంచిదే. నోరే క్వారీ.”

“ఒట్టు.”

“ఊఁ, చెయ్యి పెట్టుకో.”

ఆ తర్వాత ఆవీహా లేచింది.

ఆవీహా, మా వాడు కొండ మీద దానిమ్మ చెట్టు!
ఆవీహా, వాణ్ని పెంచిన తల్లికి దిష్టి తీసి పెట్టు!
ఆవీహా, ఈ ఇంటి గడప తేనె పట్టు!
ఆవీహా, కళ్లుమండేవాడా, నీ తలుపు నువ్వు మూసిపెట్టు!

చివరి కేక గదిలోంచి లేచి, కిటికీలోంచి బయటికి పోయింది. వీధిలో నడుస్తున్న ఒకావిడ ఆగి, ఎవరింట్లో పెళ్లని పైకి చూసింది.

మల్హమ్ నిలబడే విన్నాడు. టేపు చివరిదాకా తిరిగి, టక్కుమని ఆగింది. అతనికి కావలసిన ఆధారం దొరికింది. గొంతు వదీయాదే. ఇక ఎవరూ కాదనలేరు. రేపు ఊరంతా వచ్చి ఇక్కడే కూర్చుని, అతడు ఇన్నాళ్లూ చెప్పింది నిజమని వింటారు. దాంతోపాటు అతడు ఎలాంటివాడో కూడా, అతని భార్య నోట, రెండు స్థాయుల్లోనూ స్పష్టంగా వింటారు. చర్చి మెట్లు, మంగలి కొట్టు, రొట్టెల బట్టీ. ఒక్కటి కూడా ఆమె తప్పు చెప్పలేదు.

అతడు కత్తి తీసుకుని తీగముక్కలు విప్పాడు. ఇమిల్ ఆంప్లిఫయరును మళ్లీ సోఫా వెనక ప్లగ్గుకు కట్టాడు. మంద్రాన్ని సర్కారుకు, తారాన్ని అబూ నఖ్లేకు ఎవరిది వారికి అప్పగించాడు. తీగముక్కలను ముడివేసి పెరట్లో మళ్లీ కట్టాడు. వాటి మీద ఆరేయడానికి ఏమీ లేకపోయినా.

ఆదివారం పూజ అయ్యాక అందరూ వచ్చారు. చేదు కాఫీ తాగి, ఆమె ఆత్మకు శాంతి కలగాలని అన్నారు. అధ్యక్షుడు స్వయంగా విచ్చేస్తున్నందువల్ల పైవారికి కబురుపెట్టి సర్కారు కరెంటును ప్రత్యేకంగా రప్పించారు. అబూ నఖ్లే గౌరవంగా తన యంత్రం ఆపి, చేతులు కడుక్కుని వచ్చాడు.

ఇమిల్ లేచాడు.

“మిత్రులారా! మంద్రానికీ తారానికీ వేర్వేరు ప్రాణవాయువు అందిస్తున్న సెట్టు ఈ కొండ మొత్తంలో ఇదొక్కటే. చిన్న చిన్న సవరణలు మిగిలి ఉన్నాయి. గొప్పవాటన్నిటికీ ఉంటాయి. నా చెల్లెలి ఆత్మ సాక్షిగా, ఇక నిజం వినండి.”

నిజం వినిపించింది. డోలు ఉరిమింది. కాఫీ కప్పులు పళ్లెంలో వణికాయి. ఎలుగుబంటి మూలిగింది. ఆవీహా ఉండవలసిన చోట అందరూ కళ్లు మూసుకున్నారు.

“ఎంత లోతు!” అన్నాడు గత్తాస్. “జోజెట్ గొంతులో ఇంత లోతు ఉందని నాకు ఇప్పుడే తెలిసింది.” చప్పట్లు మోగాయి. గొంతు వినకుండానే కొట్టిన చప్పట్లు కనుక వాటిలో పక్షపాతం లేదు.

“ఏం బావా?” అన్నాడు ఇమిల్. “ఇప్పుడేమంటావు?”

“సెట్టు బాగుంది” అన్నాడు మల్హమ్. కాఫీ కాచే గిన్నె తీసుకుని వంటింట్లోకి వెళ్లాడు.

వెనకాలే జోజెట్ వచ్చింది. చేతిలో ఖాళీ కప్పుల పళ్లెం. ఉల్లిపాయల పక్కన పరిచి ఉన్న మంచాన్నీ, అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది.

“అన్నయ్యా… టేపు ముందే విన్నారా?”

“నా సెట్టులో సగమేగా వినిపించేది. సంఘంలో నువ్వూ ఉన్నావు, తెలుసుగా.”

ఆమె పళ్లెం కింద పెట్టింది. మెడకున్న పట్టు రుమాలు విప్పి చేతిలో నలిపింది.

“ఆ ఫలకం నాకొద్దు అన్నయ్యా. వెళ్లి గత్తాస్ గారికి చెప్పేస్తా. ఇన్నేళ్లూ చెప్పాలనే ఉంది. కానీ…”

“చెప్పకు” అన్నాడు మల్హమ్. కాఫీ పొంగుతుంటే గిన్నె ఎత్తాడు. “నోటికి చెయ్యి అడ్డం పెట్టుకో. నీకు అలవాటేగా.”

ఆమె కళ్లు పెద్దవయ్యాయి. చెయ్యి తనంతట తానే నోటి మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.

అతడు ఆమెను క్షమించలేదు. ఎవర్నీ క్షమించలేదు. క్షమించడం అతడు చదివిన ఊరి బడిలో చెప్పలేదు. భార్య మాట ఒక్కసారి విన్నాడు, అదీ ఆమె పోయిన ఏడాదికి. అంతే జరిగింది.

మరియమాత పండుగ వైభవంగా జరిగింది. జోజెట్ ఫలకం అందుకుని, పాడమంటే పాడలేక, మొదటిసారి నిజంగా ఏడ్చింది. అదీ గొప్ప కళేనని పత్రికల్లో రాశారు. ఇమిల్ ఇప్పుడు ఇంటింటికీ తిరిగి స్పీకర్లు విడదీస్తున్నాడు. ఊళ్లో సగం ఇళ్లలో మంద్రం సర్కారుది, తారం అబూ నఖ్లేది. జనం సంతోషంగా ఉన్నారు. పాట మొత్తంగా వినడం ఆరోగ్యానికి మంచిది కాదని ఇమిల్ ఈ మధ్య కొత్తగా చెబుతున్నాడు. ఈ ఒక్క విషయంలో మల్హమ్‌కు అతనితో భేదాభిప్రాయం లేదు.

మంగలి కొట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు కదుపుతారు. “ఏం మల్హమ్ అన్నా, ఇంతకీ ఆ గొంతు ఎవరిది?”

అతడు అద్దంలోనే అడిగినవాడి వంక చూస్తాడు.

“ఆ సంగతి నేను మాట్లాడను. ఇంకోసారి అడిగితే నీతో ఏ సంగతీ మాట్లాడను.”